మూడు కిలోమీటర్ల ముద్దాయి

కారు రెండోసారి ఆగింది వంతెన నడినెత్తిన.

వెనక ఒక బస్సు, బస్సు వెనక రెండు లారీలు. లారీల వెనక ఎన్ని బళ్లున్నాయో కనిపించడం లేదు గానీ వినిపిస్తోంది. అన్ని హారన్లూ ఒకేసారి మోగుతున్నాయి. అలాంటప్పుడు ఎవరైనా దిగితే బానెట్ ఎత్తుతారు, లేదా నెట్టడానికి మనుషుల్ని వెతుకుతారు. బావగారు మాత్రం దిగి జేబులోంచి నోటుబుక్కు తీశారు.

"టైమెంత?"

"పది నలభై," అన్నాడు వెనక సీట్లోంచి బావమరిది.

"మీటరు రీడింగు?"

అతను ముందుకు వంగి చూశాడు. "చివరి మూడంకెలూ నూట ఇరవై నాలుగు. బావా, ముందు పక్కకి నెడదాం బావా. బస్సతను తిడుతున్నాడు."

"తిట్టనీ. సంఘటన జరిగిన చోట ఏదీ కదపకూడదు."

"మనం కదిలితేనే కదండీ అతను కదిలేది!" అంది ముందు సీట్లోంచి అక్క.

బావగారు వినిపించుకోలేదు. ఆయన ఉద్యోగమే అది. ఒక పెద్ద కార్యాలయంలో విచారణాధికారి. ఫైలు మాయమైనా, ప్రహరీగోడ కూలినా, గోదాములో బస్తా తగ్గినా ఆయన్నే పంపుతారు. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసులో నాలుగువందల పన్నెండు విచారణలు చేశారు. అందులో ఒక్కటి కూడా దోషి పేరు లేకుండా ముగియలేదు. 'ఎవరి తప్పూ లేదు' అని రాసి వచ్చినవాడు విచారణకు వెళ్లలేదు, విహారయాత్రకు వెళ్లాడని ఆయన అభిప్రాయం. ఆఫీసు విద్యను ఆఫీసులోనే వదిలి రావడం ఆయనకు చేతకాదు. ఇంట్లో పాలు పొంగిపోయినా ముగ్గురి వాంగ్మూలాలు తీసుకుంటారు.

బావమరిది పదకొండో ఏట నుంచి ఆ ఇంట్లోనే పెరిగాడు. అందువల్ల ఒక రహస్యం చిన్నప్పుడే కనిపెట్టాడు. నేరం ఒప్పుకుంటే విచారణ రెండు నిమిషాల్లో తేలిపోతుంది, కాదంటే అన్నం చల్లారిపోతుంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేవాళ్లను లోకం చూసింది. ఇతను గుమ్మడికాయ ఎక్కడుందో వెతికి, భుజాన వేసుకుని వచ్చి నిలబడే రకం. పిల్లి పగలగొట్టిన పూలకుండీ, గాలికి విరిగిన కిటికీ అద్దం, తను ఊళ్లో లేనప్పుడు పోయిన గొడుగు, అన్నీ అతని ఖాతాలోనే ఉన్నాయి. ఇప్పుడు ముప్పై నాలుగేళ్లు వచ్చాయి, కళ్లద్దాల దుకాణంలో చూపు పరీక్షించే ఉద్యోగమూ వచ్చింది. ఆ అలవాటు మాత్రం పోలేదు.

ఈ ప్రయాణం అతని కోసమే. వాతావరణ కార్యాలయంలో పనిచేసే ఒకమ్మాయీ అతనూ పెళ్లి చేసుకుందామనుకున్నారు. అమ్మాయికి తల్లి లేదు. తండ్రి ఓడలో ఇంజనీరు. ఆయన సరేనంటేనే పెళ్లి అని ఆమె మొదటి రోజే చెప్పింది. ఆయన ఎక్కే ఓడ ఈ మధ్యాహ్నం ఒంటిగంటకు రేవు వదిలితే, మళ్లీ తొమ్మిది నెలలకు గానీ రాదు.

"పదకొండుకల్లా రేవు పక్కన మా ఇంటికి రండి. మీ బావగారికి పాత కారు ఉందట కదా, అందులోనే రండి. మనుషుల కళ్లల్లోకి చూస్తే నాకేం తెలీదు బాబూ, ఇంజను చూస్తే తెలుస్తుంది," అన్నాడు ఆ పెద్దమనిషి ఫోనులో.

అందుకని నిన్న సాయంత్రం బావమరిది ఆ కారు బానెట్ ఎత్తాడు. గొట్టంతో నీళ్లు కొట్టాడు, బ్రష్షుతో రుద్దాడు, దుకాణం నుంచి తెచ్చిన కళ్లద్దాల గుడ్డతో ప్రతి నట్టునూ విడివిడిగా తుడిచాడు. ముప్పై తొమ్మిదేళ్ల జిడ్డు వదిలి ఇంజను కొత్త గిన్నెలా తళతళలాడింది. ఆ కారును అక్క 'పెద్దమ్మాయి' అంటుంది, తనకంటే రెండేళ్లు ముందే ఆ ఇంట్లో అడుగుపెట్టిందని. "పెద్దమ్మాయికి కూడా సంబంధం చూస్తున్నారేమిట్రా, ఇంత ముస్తాబు చేశావ్?" అని నవ్వింది కూడా.

ఇవాళ పదింటికి పెద్దమ్మాయి మొదటి తిప్పుకే స్టార్టయి పువ్వులా బయల్దేరింది. మూడు కిలోమీటర్లు పోయాక, గొంతుకేదో అడ్డం పడ్డట్టు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. బావగారు దిగి, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత విప్పి, చేతిరుమాలుతో తుడిచి, పావుగంట ఆరనిచ్చారు. స్టార్టయింది. "నీళ్లు! ఇంజను కడిగితే ఇంతే. కేసు ముగిసింది," అన్నారు ఆయన చేతులు దులుపుకుంటూ. ముగిసిన కేసు ఇంకో మూడు కిలోమీటర్లు నడిచి, ఇదుగో, వంతెన మీద నిలబడింది.

"నిన్ను ఇంజను కడగమన్నదెవరు?" నోటుబుక్కు బానెట్ మీద పరిచి అడిగారు బావగారు.

"ఎవరూ అనలేదు బావా. నేనే కడిగాను. తప్పు నాదే."

"ఎంతసేపు నీళ్లు కొట్టావు?"

"ఇరవై నిమిషాలుంటుంది."

"ఉద్దేశపూర్వకంగానా, నిర్లక్ష్యంగానా?"

"ఏది రాస్తే తొందరగా అయిపోతుందో అది రాయండి."

"నిర్లక్ష్యం. సంతకం పెట్టు."

అతను సంతకం పెడుతుండగా బస్సు డ్రైవరు దిగి వచ్చాడు. చేతులు నడుం మీద పెట్టుకుని నోటుబుక్కునూ, మనుషుల్నీ మార్చి మార్చి చూశాడు.

"ఏం సార్, ఆఫీసు ఇక్కడికి మార్చారా? మేమంతా సాయంత్రం రమ్మంటారా, రేపు రమ్మంటారా?"

"మీరు ప్రత్యక్ష సాక్షి. పేరు చెప్పండి," అన్నారు బావగారు.

డ్రైవరు పేరు చెప్పలేదు. వెనక్కి తిరిగి ఒక్క కేక వేశాడు. బస్సులోంచి ఏడెనిమిది మంది బిలబిలమంటూ దిగారు. అక్క చటుక్కున స్టీరింగు ముందుకు జరిగి కూర్చుంది. అందరూ ఒక్క తోపు తోసేసరికి పెద్దమ్మాయి వాలు అందుకుని, అవతలి వైపు జర్రున జారిపోయి, వంతెన కింద ఉన్న మెకానిక్కు షెడ్డు ముందు ఆగింది. నోటుబుక్కు పట్టుకుని బావగారు వెనకాలే పరిగెత్తుకుంటూ వచ్చారు.

మెకానిక్కు టీ గ్లాసు కింద పెట్టకుండానే బానెట్ లోపలికి తొంగి చూశాడు. చూసినవాడు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఇదేంటండీ, ఇంత శుభ్రంగా ఉంది! ఎవరు చేశారీ పని?"

"నేనే," అన్నాడు బావమరిది.

"ఇంకేం, నీళ్లే. చెప్పడానికేముంది. పెట్రోలు ఉందా?"

"నిన్న మధ్యాహ్నమే నిండా కొట్టించాను. ఇదుగో రసీదు," అని బావగారు పర్సులోంచి కాగితం తీసి చేతికిచ్చారు. మెకానిక్కు దాన్ని రెండు వైపులా చదివాడు.

"కాగితం ఉంటే ఇక చూసేదేముంది. నీళ్లే."

నాలుగు ప్లగ్గులూ విప్పి, ఒక్కొక్కదాన్నీ నోటితో ఊది, చొక్కాకి తుడిచి, ఎండకి ఎత్తిపట్టి చూసి మళ్లీ బిగించాడు. దానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఈలోగా అక్క రెండుసార్లు వాచీ చూసుకుంది.

"ఏవండీ, పదకొండయింది. టాక్సీ పిలుద్దాం. వాణ్ణి ముందు పంపిద్దాం."

"ముద్దాయినీ సాక్ష్యాన్నీ విడదీయకూడదు," అన్నారు బావగారు.

"ముద్దాయి ఏంటండీ, నా తమ్ముడు!"

"పైగా ఆయన కారులో రమ్మన్నాడు. నా చేతికొచ్చిన ఇరవై ఆరేళ్లలో ఈ కారు రోడ్డు మీద ఒక్కసారి కూడా ఆగలేదని వీడితో ఆయనకు చెప్పించాను. ఇప్పుడు టాక్సీలోంచి దిగితే నా మాటేం కావాలి?"

"ఆ మాట వంతెన మీదే పోయింది కదండీ. బస్సులో వాళ్లందరూ చూశారు."

ఇంతలో మెకానిక్కు తాళం తిప్పాడు. ఇంజను గుర్రుమని లేచింది. "చూశారా! చెయ్యి పడితే అంతే!" అన్నాడు అతను గ్లాసులో మిగిలిన టీ తాగేస్తూ. బావగారు వెనక తలుపు తెరిచి పట్టుకున్నారు.

"ఎక్కండి."

"నేనెందుకండీ?"

"నిపుణుడి సాక్ష్యం. ఇంజను లోపల నీళ్లు చూసింది మీరొక్కరే."

నిపుణుడు అనేసరికి మెకానిక్కు మారు మాట్లాడకుండా షెడ్డు తలుపు దించి ఎక్కేశాడు. దారి పొడుగునా సాక్ష్యం చెబుతూనే ఉన్నాడు. షెడ్డు దగ్గర 'ప్లగ్గుల్లో కాస్త చెమ్మ'గా మొదలైనది, మొదటి మలుపు దాటేసరికి 'గ్లాసుడు నీళ్లు' అయింది. రెండో మలుపు దగ్గర 'నేను ఊదకపోతే చేపలు పెంచుకోవచ్చు' అయింది. బావగారు స్టీరింగు పట్టుకునే "రాసుకో, రాసుకో" అంటుంటే, బావమరిది తన మీద సాక్ష్యం తనే రాసుకున్నాడు.

సరిగ్గా మూడు కిలోమీటర్లు. ఒక క్షవరశాల ముందు పెద్దమ్మాయి మళ్లీ దగ్గింది, మళ్లీ ఆగింది. టైము పదకొండు ఇరవై. రీడింగు నూట ఇరవై ఏడు.

"కాయిల్!" అన్నాడు మెకానిక్కు తడుముకోకుండా. "ప్లగ్గులు ఆరాయి. వాటికి కరెంటు పుట్టించే కాయిల్ ఆరలేదు. వేడిగాలి కావాలి."

క్షవరశాల యజమాని జుట్టు ఆరబెట్టే యంత్రాన్ని పొడుగాటి తీగతో సహా బయటికి తెచ్చిచ్చాడు. లోపల కుర్చీలో సగం తల ఆరిన ఒకాయన మెడ చుట్టూ గుడ్డతోనే గుమ్మంలోకి వచ్చి నిలబడి, తన గాలి ఇంజనుకు పోవడం విచారంగా చూశాడు. యంత్రం పట్టుకునే పని బావమరిదికి పడింది. అది చేసే చప్పుడుకు పక్క మనిషి మాట కూడా వినిపించడం లేదు. సరిగ్గా అప్పుడే కారు సీటు మీద ఉన్న అతని ఫోను మోగింది.

బావగారు తీశారు.

"హలో. విచారణాధికారిని మాట్లాడుతున్నాను."

అవతల ఓడ ఇంజనీరు. ఆయన బావగారి గొంతు ఎన్నడూ వినలేదు. బావగారు ఏదో ఆఫీసులో పనిచేస్తారని తప్ప ఏ పనో ఆయనకు తెలియదు.

"ఎవరూ? ఈ ఫోను అబ్బాయిది కదండీ?"

"అతనిదే. నా దగ్గరుంది. ప్రస్తుతం అతను మాట్లాడే స్థితిలో లేడు."

"అయ్యో, ఏమైంది?"

"కంగారు పడకండి. నేరం ఒప్పుకున్నాడు."

"నేరమా!"

"రాతపూర్వకంగా ఒప్పుకున్నాడు. సంతకం కూడా అయింది. సాక్షి ఉన్నాడు. పారిపోయే మనిషి కాదు, నేను పక్కనే ఉన్నాను."

"ఏం నేరమండీ? ఏం చేశాడు?"

బావగారు ఒక్క క్షణం ఆలోచించారు. "విచారణ పూర్తికాకుండా వివరాలు బయటపెట్టడం నిబంధనలకు విరుద్ధం. వచ్చి మాట్లాడతాను," అని ఫోను జేబులో వేసుకున్నారు. అప్పుడే ఇంజను లేచింది. మెకానిక్కు విజయగర్వంతో క్షవరశాల యజమానితో చెయ్యి కలిపాడు. ఆ తర్వాత ఫోను బావగారి జేబులో ఆరుసార్లు మోగింది. ఇంజను హోరులో ఎవరికీ వినపడలేదు.

రేవు దారిలో రెండు వైపులా గోదాములే. నీడ కూడా లేని ఆ రోడ్డు మీద పెద్దమ్మాయి నాలుగోసారి ఆగింది. టైము పదకొండు యాభై ఐదు. రీడింగు నూట ముప్పై.

మెకానిక్కు ఈసారి బానెట్ ఎత్తకుండానే తల అడ్డంగా ఊపాడు. "ఇక దాచి లాభం లేదండీ. నీళ్లు అడుగుదాకా పోయాయి. ఇంజను దించాల్సిందే."

బావమరిది రోడ్డు పక్కన రాయి మీద కూలబడ్డాడు. పొద్దుటి నుంచి మొదటిసారి అతని ముఖంలో నవ్వు లేదు.

"అక్కా, ఇంకా రెండు కిలోమీటర్లుంది. పరిగెత్తి పోతాను."

"పోరా. మీ బావ ఏమన్నా నేను చూసుకుంటాను."

అతను బూట్ల ముడులు బిగించి లేచేసరికి ఎదురుగా ఒక స్కూటరు దూసుకొచ్చింది. నడుపుతున్నది ఆ అమ్మాయి. వెనక తెల్ల యూనిఫారంలో, ఒక చేత్తో టోపీ పట్టుకుని ఓడ ఇంజనీరు. బండి ఆగకముందే అమ్మాయి దూకినంత పని చేసింది.

"పోలీసులేరి? నీకేం కాలేదు కదా? ఏం చేశావసలు?"

"పోలీసులా? ఇంజను కడిగాను."

"అదికాదు. నేరం ఏం చేశావ్?"

"అదే."

ఓడ ఇంజనీరు టోపీ సర్దుకుని అందరినీ ఒకసారి చూశాడు. "మీలో విచారణాధికారి ఎవరు?"

"నేనండీ. వాడి బావని."

ఆయన బావగారిని కింది నుంచి పైదాకా చూశాడు. "ఆ రెండో ముక్క కూడా ఫోనులో చెప్పి ఉండాల్సింది. దారిలో నాకు తెలిసిన లాయర్లందరికీ ఫోన్లు చేశాను."

"మీరు అడగలేదు," అన్నారు బావగారు. "ముందు ఈ వాంగ్మూలం చూడండి."

ఇంజనీరు నోటుబుక్కు అందుకుని చదివాడు. చదువుతుంటే ముఖం గంభీరమైంది.

"ఇంజను మీద ఇరవై నిమిషాలు నీళ్లు కొట్టావా?"

"అవునండీ. తప్పు నాదే."

"ఇరవై నిమిషాలేంటండీ!" అందుకున్నాడు మెకానిక్కు. "కారును బావిలో ముంచి తీశారు. కళ్లారా చూశాను."

"బావిలో ముంచడం చూశావా?"

"ప్లగ్గులు చూశానండీ."

ఇంజనీరు యూనిఫారం చేతులు మడిచి బానెట్ లోపలికి వంగాడు. చూపుడువేలు ఒక పైపు కిందకు పోనిచ్చి, తీసి, వేలు చూసుకున్నాడు. మరో సందులో పెట్టాడు, మళ్లీ చూసుకున్నాడు. వేలికి మరకంటలేదు.

"ఇక్కడ కూడా తుడిచావా? ఇక్కడికి చెయ్యి ఎలా పట్టింది?"

"చెయ్యి పట్టదండీ. కళ్లద్దాల గుడ్డని స్పూనుకు చుట్టి తుడిచాను."

"ఊఁ," అన్నాడు ఇంజనీరు. మళ్లీ నోటుబుక్కు తెరిచి, వాంగ్మూలం వదిలేసి పక్క పేజీ చూశాడు. "నూట పద్దెనిమిది. ఇరవై ఒకటి. ఇరవై నాలుగు. ఇరవై ఏడు. ముప్పై. ఈ అంకెలు ఎవరు రాశారు?"

"నేనే," అన్నారు బావగారు ఛాతీ విరుచుకుని. "మొదటిది ఇంటి దగ్గర రీడింగు, మిగతావి ఆగిన చోట్లు. నా విచారణలో అంకె తప్పదు."

"చాలా మంచి పని చేశారు. రాసింది ఒకసారి చదువుకుని ఉంటే ఇంకా మంచి పని అయ్యేది."

"అంటే?"

"నీళ్లకు లెక్కలు రావండీ. తడి వల్ల ఆగేదయితే, ఆరేకొద్దీ దూరం పెరగాలి. ఇది ప్రతిసారీ కొలిచినట్టు మూడు కిలోమీటర్లే పోయింది. పావుగంట ఊరికే ఉంచితే మళ్లీ లేచింది. మీరు రుమాలుతో తుడిచినా లేచింది, ఈయన నోటితో ఊదినా లేచింది. అంటే మీరెవ్వరూ దేన్నీ బాగుచెయ్యలేదు."

"అదేంటండీ, స్టార్టయింది కదా!" మెకానిక్కు ఉడుక్కున్నాడు.

"నువ్వు టీ తాగుతూ కూర్చున్నా స్టార్టయ్యేది."

ఇంజనీరు కారు వెనక్కి నడిచాడు. అందరూ ఆయన వెంట నడిచారు. పెట్రోలు పోసే చోట ఉండే చిన్న రేకు తలుపు తెరిచి, లోపలి మూతను మెల్లగా తిప్పాడు.

స్స్స్స్... మని ఒక పెద్ద నిట్టూర్పు వినిపించింది. మూత పూర్తిగా ఊడివచ్చేదాకా అది ఆగలేదు.

"విన్నారా? పెట్రోలు ఖర్చయినకొద్దీ ట్యాంకులోకి గాలి రావాలి. గాలి రాకపోతే ట్యాంకు పెట్రోలును బయటికి వదలదు. సీసా మూతి పెదాలతో బిగించి పట్టి నీళ్లు తాగి చూడండి, నాలుగు గుక్కల తర్వాత చుక్క రాదు. ఇదీ అంతే. ఆగి ఉన్నప్పుడు ఎక్కడో సందులోంచి కాస్త కాస్త గాలి దూరుతుంది, మళ్లీ మూడు కిలోమీటర్లకు సరిపోతుంది. ఆ గాలి కోసమే మూతకు ఆవగింజంత రంధ్రం పెడతారు."

ఆయన మూతను తిప్పి ఎండలో పట్టాడు. రంధ్రం ఉండాల్సిన చోట ఎర్రగా, గుండ్రంగా, నున్నగా ఒక బిళ్ల ఉంది.

"లక్క," అంది అక్క.

కవర్లకు సీళ్లు వేసే లక్క. ఆ రోడ్డు మీద ఉన్న ఆరుగురిలో ఐదుగురి ఉద్యోగాల్లో దాంతో పని లేదు. బావగారు తేలు కుట్టిన దొంగలా బిగుసుకుపోయారు. నిన్న సాయంత్రం ఇంజను కడగబోయే ముందు ఆయన కారును తనిఖీ చేశారు. ఆ మాట ఆయనకు ఇప్పుడే గుర్తొచ్చింది. బావమరిది గొట్టం కోసం వెళ్లినప్పుడు, మూతకు రంధ్రం కనిపించింది. రంధ్రం కనిపిస్తే మూసెయ్యడం ఆయన వృత్తిధర్మం. మూతను ఇంట్లోకి తీసుకెళ్లి మూసి తెచ్చారు. ట్యాంకులోకి నీళ్లు పోకుండా ఎంత ముందుచూపుతో చేశాననుకుని, తనను తనే మెచ్చుకున్నారు కూడా. మెచ్చుకున్న పనిని ఎవరూ నేరాల జాబితాలో వెతకరు.

ఇంజనీరు వాచీ చూసుకున్నాడు. పన్నెండు ఇరవై.

"నాకు ఎక్కువ టైము లేదు, కాబట్టి సూటిగా చెబుతాను. ఈ ఇంజను కడిగినవాడి లాంటి మనిషి ముప్పై ఏళ్లలో నాకు ఓడ మీద కూడా దొరకలేదు. అలాంటివాడికి మా అమ్మాయి దొరకడం కాదు, మా అమ్మాయికే అతను దొరికాడనుకుంటాను. కానీ ఊపిరాడే రంధ్రానికి సీలు వేసినవాణ్ణి మాత్రం నా గుమ్మం తొక్కనివ్వను. వాడు ఇవాళ ట్యాంకుకు వేశాడు, రేపు దేనికి వేస్తాడో తెలీదు. ఆ ఇద్దరూ ఒకడేనా, వేరువేరా? అదొక్కటే తేలాలి. ఎవరు చేశారీ పని?"

బావమరిది ఎర్రటి బిళ్ల వంక చూశాడు, బావగారి వంక చూశాడు. ఇరవై మూడేళ్ల అలవాటు అతనికంటే ముందు నోరు తెరిచింది.

"నేనేనండీ."

"నువ్వా?" అంది అమ్మాయి. ఆమె గొంతులో కోపం కూడా లేదు. "నాన్నా, ఇంకొక్కసారి ఆలోచించు..."

"ఆలోచించడానికేముందమ్మా. ఒప్పుకున్నాడు." ఇంజనీరు మడిచిన చేతులు దించుకుని, టోపీ పెట్టుకున్నాడు. "ఓడ తిరిగొచ్చాక చూద్దాం. తొమ్మిది నెలలు."

ఆయన స్కూటరు వైపు రెండడుగులు వేశాడు. బావగారు నేల చూపులు చూస్తున్నారు. అప్పుడు అక్క తమ్ముడికి ఎదురుగా వచ్చి నిలబడింది. ఇంట్లో ఇన్ని విచారణలు జరిగాయి గానీ, ఆమె ఎన్నడూ ఒక్క ప్రశ్న వెయ్యలేదు.

"ఏరా, లక్క ఎలా అంటించావు?"

"ఎలా అంటే... అంటించాను."

"అదే, ఎలా? గట్టిగా పుల్లలా ఉంటుంది కదా. దాన్ని మెత్తగా ఎలా చేశావు?"

అతను లక్కను పట్టుకున్నవాడు కాదు. చుట్టూ చూసి, ధైర్యం చేసి చెప్పేశాడు. "నీళ్లల్లో నానబెట్టానక్కా. రాత్రంతా."

"నానబెట్టావా!"

ఆ కేక అక్కది కాదు, బావగారిది. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసులో ఇంత నాసిరకం వాంగ్మూలం ఆయన చెవిన పడలేదు. తల విదిలించుకుని ముందుకొచ్చేశారు.

"లక్క నీళ్లల్లో నానుతుందట్రా? బుద్ధి ఉందా? అబద్ధమైనా కాస్త ఆలోచించి చెప్పు! లక్క మంట మీద కరగాలి. కొవ్వొత్తి వెలిగించి, లక్కపుల్లను మంటకు వారగా పట్టి, మూడు చుక్కలు సరిగ్గా రంధ్రం మీద పడనిచ్చి, ఆరేలోగా బొటనవేలు తడిచేసుకుని ఇలా..."

ఆయన బొటనవేలు గాల్లో ఆగిపోయింది.

ఇంజనీరు వెనక్కి తిరిగాడు. చేతిలో ఉన్న మూతను చూశాడు, గాల్లో ఉన్న వేలిని చూశాడు. మెకానిక్కు మెడ సాచి రెండింటినీ పోల్చుకున్నాడు. అమ్మాయి బావమరిది పక్కకు వచ్చి నిలబడింది. దూరంగా రేవులో ఓడ మొదటి కూత వేసింది.

"ఊఁ, బొటనవేలు తడిచేసుకుని?" అంది అక్క మెత్తగా. "చెప్పండి, రాసుకుంటాను."

బావగారు వేలు దించారు. గొంతు సవరించుకున్నారు. తీర్పు చదివే ముందు ఎప్పుడూ చేసినట్టే చొక్కా కాలరు సర్దుకుని, ఎవరి ముఖమూ చూడకుండా, అందరికీ వినపడేలా చెప్పారు.

"ఇద్దరూ వేరు. ఇంజను కడిగింది వాడు. రంధ్రం మూసింది నేను."

పెళ్లికొడుకు ఆ ఇంటి గుమ్మం తొక్కవచ్చని అక్కడికక్కడే తేలిపోయింది. పెళ్లికొడుకు బావగారు తొక్కవచ్చా అన్నది మాత్రం తొమ్మిది నెలలకు వాయిదా పడింది.